అరువు పేర్లు వెతుక్కుంటూ మూడు ఊళ్లు

యాత్రకు వెళ్లొచ్చినవాళ్లు దేవుళ్ల గురించి, నదుల గురించి రాస్తారు. నేను శ్రావణ మాసంలో మూడు రోజులు కడప జిల్లాలో తిరిగింది నా పేరు కోసం. కోనలూ కోటలూ చూడలేదు. చూడలేదేమని అడిగేవాళ్లు ముందు నా బాధ వినాలి.

నా పేరు కొండయ్య. మాది ఆదోని. పదకొండేళ్లు ఫుట్‌బాల్ ఆడాను, లెఫ్ట్ ఔట్‌గా. అంటే మైదానంలో ఎడమ గీత వెంబడి పరుగెత్తి, గోలు ముందు నిలబడ్డవాళ్లకు బంతి అందించడం నా పని. గొప్ప ఆటగాణ్ణేం కాదు. గొప్పవాళ్లను మద్రాసువాళ్లో హైదరాబాదువాళ్లో తీసుకుపోయేవారు. నాబోటివాళ్లను చిన్న ఊళ్ల జట్లు పోటీల రోజుల్లో పిలిపించుకునేవి, పెళ్లికి మేళాన్ని పిలిచినట్టు. రానూపోనూ చార్జీలు, రెండు పూటలా భోజనం, గెలిస్తే ఒక పంచె.

అయితే పోటీలకు ఒక నిబంధన ఉండేది. ఏ ఊరి జట్టులో ఆ ఊరివాళ్లే ఆడాలి. అన్ని ఊళ్లూ ఆ నిబంధనకు ఒక దండం పెట్టి బయటివాళ్లను తెచ్చుకునేవి. దానికీ ఒక పద్ధతి ఉంది. ఊళ్లో ఒకాయన తన పేరు అరువిస్తాడు. బయటివాడు రెఫరీ ముందు ఆ పేరుతో సంతకం చేసి మైదానంలోకి దిగుతాడు. మైదానంలో సాటివాళ్లు కూడా ఆ పేరుతోనే పిలవాలి. ఆట అయ్యేదాకా పేరిచ్చినాయన ఇంట్లో తలుపేసుకుని కూర్చోవాలి. బయట కనబడితే ఎదుటి జట్టువాళ్లు పట్టేస్తారు. నేను ఇలా తొమ్మిది పేర్లతో ఆడాను. సొంత పేరుతో ఒక్కసారీ ఆడలేదు.

నిరుడు మోకాలు పోయింది. నాకు కూడు పెడుతున్నది ఆదోనిలోని ఒక పత్తి జిన్నింగు మిల్లు. పాత యజమాని ఆట పిచ్చితో నన్ను చేర్చుకున్నాడు గానీ, కాగితాల మీద నేను తూకం గుమాస్తాను. కొత్త మేనేజరు కాగితాలు చూశాడు. తూకానికి మనుషులు ఎక్కువయ్యారు, దసరాకల్లా వేరే చోటు చూసుకొమ్మన్నాడు. ఆ వారంలోనే పులివెందుల హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు కావాలని తెలిసింది. శిక్షణ లేకపోయినా ఫరవాలేదు, పోటీల్లో ఆడినట్టు రుజువు తేవాలి. రుజువులు ఉన్నాయి. ప్రొద్దుటూరు జట్టు, జమ్మలమడుగు జట్టు నా కాలి పుణ్యాన షీల్డులు గెలిచాయి. కాకపోతే అప్పుడిచ్చిన యోగ్యతాపత్రాల మీద ఉన్నవి వేరేవాళ్ల పేర్లు.

ఆ ఇద్దరి దగ్గరికీ పోయి, ఆడింది కొండయ్యే అని చెరొక ఉత్తరం రాయించుకుని, శనివారానికి పులివెందుల చేరాలని బయల్దేరాను. బయల్దేరేటప్పుడు మా ఆవిడ, "ఉన్న పేరు చాలదని ఊర్లోళ్ల పేర్లన్నీ వాడుకుంటివి. ఇప్పుడు ఏ పేరు చెప్పుకొని అన్నం తింటావో చూస్తా" అంది. సద్ది మూట మాత్రం బాగానే కట్టింది.

ప్రొద్దుటూరు

ఎర్రగుంట్లలో రైలు దిగి బస్సెక్కాను. కొత్త పైసలు వచ్చిన కొత్త. అణాకు ఆరు పైసలా ఏడు పైసలా అని కండక్టరూ ఒక పెద్దాయనా ఎర్రగుంట్ల నుంచి ప్రొద్దుటూరు దాకా వాదించుకున్నారు. బస్సు దిగాక పెద్దాయన ఆ పైస కండక్టరు చేతిలోనే పెట్టి, వాదన నెగ్గిన ముఖంతో వెళ్లిపోయాడు.

హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. ఉగ్గాని మా ఆదోనిదే అసలైనదని నా నమ్మకం. ఇక్కడ బొరుగుల్ని మరీ మెత్తగా నానబెడతారు. బజ్జీ విషయంలో మాత్రం ఓడిపోయామని ఒప్పుకుంటున్నాను. రెండో బజ్జీకి కళ్లు తుడుచుకుంటుంటే పక్కాయన అడక్కుండానే మజ్జిగ గ్లాసు నా వైపు జరిపాడు. ఇక్కడివాళ్లు మాట మొరటుగా అంటారు గానీ మనిషి అవసరం ముందే కనిపెడతారు.

నాకు పేరు అరువిచ్చిన సుబ్బరాయుడు ఒక బట్టల కొట్లో గుమాస్తా. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఏడాది, పోటీ ఆఖరి ఆటలో నేను అతని పేరుతో గోలు కొట్టాను. కొట్టు ఎక్కడని అడిగితే పాన్ల అంగడాయన, "గోలు సుబ్బరాయుడా?" అన్నాడు.

సుబ్బరాయుడు నన్ను చూసి కావలించుకున్నంత పని చేశాడు. వెంటనే చుట్టూ చూశాడు. "ఈడ వద్దు సామీ, పా, ఇంటికి పోదాం" అని యజమానితో ఆదోని బంధువు వచ్చాడని చెప్పి నన్ను బయటికి లాక్కొచ్చాడు. వీధిలో ముగ్గురు అతన్ని ఆపి, ఈసారి కడప జట్టు వస్తే నువ్వు మళ్లీ దిగాలని అడిగారు. వయసైపోయింది, మోకాలు సహకరించడం లేదని అతను నిట్టూర్చాడు. నా మోకాలి నొప్పి కూడా అతనే వాడుకుంటున్నాడు.

ఇంట్లో గోడ మీద జట్టు ఫోటో ఉంది. గెలిచిన రోజే నన్ను బస్సెక్కించేశారు. మర్నాడు ఫోటోకు నా బనియను తొడుక్కుని సుబ్బరాయుడు కూర్చున్నాడు, బంతి మీద కాలు పెట్టి, మీసం దువ్వి. కింద అచ్చులో అతని పేరు. చూస్తే నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. అతని పేరుతో నేను ఆడినా, ఆ గోలు నాదే కదా అనిపించింది. ఆదోనిలో నా ఇల్లు గడవడం ఈ గోడ మీదున్న అబద్ధం దిగడం మీద ఆధారపడి ఉంది.

అయినా అడగలేకపోయాను. పగలంతా అతను కొట్టుకు పోయాడు. సాయంత్రం మిద్దె మీదికి తీసుకెళ్లి, గొంతు తగ్గించి, ఆ గోలు ఎలా పడిందో ఇంకోసారి చెప్పమన్నాడు. ఆ రోజు తలుపేసుకుని కూర్చుని జనం కేకలు మాత్రమే విన్నాడు పాపం. చెప్పాను. గోలుకీపరు ఏ వైపు పడ్డాడో రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాడు. రేపు ఎవరైనా అడిగితే తడబడకూడదు కదా.

మర్నాడు పొద్దున అతను కొట్టుకు వెళ్లాక నేను అరుగు మీద కూర్చుని ఉన్నాను. సుబ్బరాయుడి భార్య నాగమ్మ గడప కడుగుతుంటే ఆమె చేతిలోంచి చెంబు జారి మెట్ల మీదుగా దొర్లింది. ఆలోచించకుండానే ఎడమ కాలు చాపి ఆపేశాను. నీళ్ల చెంబుకు కాలు తగిలిందని నాలుక కరుచుకుని, దాన్ని తీసి కళ్లకద్దుకుని ఆమెకిచ్చాను. ఆమె చెంబు తీసుకుని చాలాసేపు నా కాలి వైపే చూసింది.

"ఆ గోలు కొట్టింది నువ్వేనని తెలుసులే అన్నా" అంది. "ఎడమకాల్తో కొట్టినాడని ఊరంతా చెప్పుకుంటారు. ఫోటోలో ఈయప్ప కుడికాలు కింద పెట్టుకోనుండాడు బంతిని. పోయే బస్సు ఎనక గూడా ఏపొద్దూ పరుగెత్తినోడు గాదు. నువ్వేందో అడగల్లని వచ్చినావు. అడగొద్దు. మా మామ బతికినన్నాళ్లు చేతగానోడా అని తిడతాండె. ఆ ఫోటో గోడకెక్కినంక మళ్లా ఒక్క మాట అన్లేదు."

నా అవసరం చెబితే ఆమె కాదనేది కాదేమో. కానీ ఒక మనిషికి తండ్రి దగ్గర దొరికిన గౌరవాన్ని ఉత్తరం రాయించి వెనక్కి తీసుకోవడం నావల్ల కాలేదు. ఊరికే చూసిపోదామని వచ్చానమ్మా అన్నాను. అనగానే రాత్రి నుంచి ఛాతీ మీదున్న బరువు సగం దిగిపోయింది. మిగతా సగం జమ్మలమడుగు బస్సులో నాతోనే వచ్చింది. ఇక మిగిలింది ఒక్క ఉత్తరం.

జమ్మలమడుగు

ఇక్కడ నాకు పేరిచ్చినాయన దేవదానం మాస్టరు. తాతల నాడే కిరస్తానం పుచ్చుకున్న కుటుంబం. దొరల బళ్లో లెక్కలు చెబుతాడు. ఆట రోజు ఆయన చర్చి వెనక గదిలో కూర్చున్నాడు. జట్టు గెలిచాక బళ్లో అందరి ముందు ఆయనకు ఒక ఫౌంటెన్ పెన్ను బహుమతి ఇచ్చారు. ఇంత గౌరవం జరిగినవాడు పేరు వదులుకుంటాడా అని దారంతా అనుకుంటూ వెళ్లాను.

వీధి చివర నన్ను చూడగానే ఆయన ఆగిపోయాడు. వచ్చిన పని చెప్పాను. ఆయన ముఖం చూస్తే కోర్టు జవాను సమన్లు తెచ్చాడనుకున్నాడేమో అనిపించింది. లోపలికి వెళ్లి కాగితం, ఆ ఫౌంటెన్ పెన్ను తెచ్చాడు. రాయడం మొదలుపెట్టాడు. ఒక్క ముక్క రాసిస్తే చాలనుకుంటే ఆయన రెండు వైపులా నింపాడు. ఏ రోజు, ఏ మైదానం, తన పేరు ఎవరు అడిగారు, తాను ఎందుకు ఒప్పుకున్నాడు, ఏ గదిలో కూర్చున్నాడు, అక్కడ ఎన్ని కిటికీలు ఉన్నాయి, అన్నీ.

"ఆరేండ్ల నుంచి ఆదివారం వస్తే భయం నాకు" అన్నాడు. "ప్రార్థనలో కండ్లు మూసుకుంటే ఈ పెన్నే కనపడతాది. పారేద్దామంటే శానా బాగా రాస్తాది. నువ్వొచ్చింది మంచిదైంది అప్పా."

ఉత్తరం నా చేతికిచ్చి ఊరుకోలేదు. ఇప్పుడే పోయి మా హెడ్మాస్టరుకు చెప్పేస్తానని చొక్కా వేసుకుని బయల్దేరాడు. ఉద్యోగానికి ఏమవుతుందోనని ఆయన భార్యా నేనూ గుమ్మం దగ్గర నిలబడ్డాం. ఆమె నాకు జొన్న రొట్టె, వంకాయ కూర, చెనిక్కాయల పొడి పెట్టింది. మా వైపు రొట్టె పలచగా చేస్తారు. ఇక్కడిది అరచేయంత మందం, మధ్యలో వేడి ఆవిరి. తింటున్నానే గానీ కళ్లు వీధి మీదే ఉన్నాయి. నా ఉద్యోగం కోసం ఈయన ఉద్యోగం పోతే ఆ రొట్టె అరుగుతుందా?

అరగంటకు తిరిగొచ్చాడు. ముఖంలో ఏ భావమూ తెలియలేదు. కూర్చుని నీళ్లు తాగి చెప్పాడు. హెడ్మాస్టరు పకపకా నవ్వాడట. ఆ సంగతి బడంతటికీ అప్పుడే తెలుసునట. ఆ ఏడాదే మాస్టర్లందరూ పిల్లలతో సరదాగా ఆడినప్పుడు ఈయన తన వైపు వచ్చిన బంతిని చేతుల్తో పట్టుకుని ఇంటిదాకా పరుగెత్తాడట. షీల్డు గెలిచిన మనిషి అలా చేయడని పిల్లలకు కూడా అర్థమైపోయిందట. పెన్ను ఉంచుకొమ్మన్నాడట.

"అందరికీ తెలిసిందాన్ని నేనొక్కణ్ణే ఆరేండ్లు మోసినా" అన్నాడు దేవదానం. తర్వాత ఆయన తిన్న రొట్టెలు లెక్కపెడితే, చాలా కాలానికి ఆకలేసిన మనిషని తెలిసింది. ఆ పూట ఆ ఇంట్లో అందరికంటే హాయిగా నిద్రపోయింది కూడా ఆయనే.

ముద్దనూరు దారిలో

శ్రావణ శనివారం. బస్సు నిండా గండి ఆంజనేయస్వామి దగ్గరికి పోయే జనం. ముద్దనూరు దాటాక రేడియేటరులో నీళ్లయిపోయి బస్సు ఆగింది. మగవాళ్లందరం చెంబులూ డబ్బాలూ పట్టుకుని పొలాల్లో మోటబావి వెతుక్కున్నాం. తిరిగొచ్చేసరికి నా మోకాలు గుమ్మడికాయంత అయింది.

పక్క సీటులో ఒక ముసలమ్మ, మొక్కు తీర్చుకోవడానికి వెళ్తోంది. దేవుడి దీపానికని తెచ్చుకున్న నూనె సీసా విప్పి, అడగకుండానే నా మోకాలికి రాసి రుద్దింది. దేవుడి నూనె కదా అంటే, సామి చూస్తాండాడులే అంది. ఏం చేస్తే ఇలా అయిందని అడిగింది. బంతి ఆడానని చెప్పాను.

"మోకాలు వంచాల్సింది సామి ముందర నాయనా" అంది. "బంతి ముందర వంచితే ఇట్లే అయితాది."

మద్రాసులో డాక్టరు దగ్గరికి పోయినా ఇంతకంటే స్పష్టంగా చెప్పరు. పులివెందుల వచ్చేసరికి కాలు నేల మీద ఆనింది. ఆమె దగ్గర మిగిలిన నూనె దీపానికి సరిపోయిందో లేదో నాకు తెలియదు.

పులివెందుల

సంగటి తిని బడికి వెళ్లాను. సంగటి ముద్ద మా ఇంట్లో పెట్టేదానికి రెండింతలు ఉంది. సగం వదిలేస్తే వడ్డించినావిడ చిన్నపిల్లాణ్ణి చూసినట్టు చూసింది.

హెడ్మాస్టరు కృష్ణా జిల్లా ఆయన. తెల్లటి పంచె, మెత్తటి మాట. బడి కమిటీ పెద్దలు నలుగురు ఆయన పక్కన బెంచీల మీద కూర్చున్నారు. నాతో పాటు రావలసిన ఇంకో అభ్యర్థి కబురు పంపి మానుకున్నాడట. అది విని కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. జవాను ఒక పుస్తకం తెచ్చి సంతకం పెట్టమన్నాడు. కిటికీలోంచి మైదానం కనిపిస్తోంది. కొత్తగా సున్నం గీతలు గీశారు. వాటిని చూస్తూ సంతకం పెట్టి పుస్తకం ఇచ్చేశాను.

హెడ్మాస్టరు పుస్తకం చూశాడు, నా దరఖాస్తు చూశాడు, మళ్లీ పుస్తకం చూశాడు.

"మీరు కొండయ్యా, సుబ్బరాయుడా? ముందు అది తేల్చండి."

పదకొండేళ్లుగా గీతలు గీసిన మైదానం ముందు నిలబడి కాగితం మీద సంతకం పెట్టడమంటే నా చేతికి అరువు సంతకం ఒక్కటే అలవాటు. ఆ పుస్తకంలో 'సుబ్బరాయుడు' అని 'డు' పొట్టలో అతను పెట్టే చుక్కతో సహా అతని సంతకమే పెట్టాను. ఇక దాచేదేముంది? తొమ్మిది పేర్లూ చెప్పాను. దేవదానం ఉత్తరం ఇచ్చాను. ప్రొద్దుటూరాయన ఇంటి సంగతి మాత్రం చెప్పలేదు. ఆ ఉత్తరం తేలేకపోయాను అని ఊరుకున్నాను.

ఆయన రెండు వైపులా చదివాడు. "ఇది మీరు ఆడారనడానికి రుజువేనండీ. రెఫరీ ముందు అబద్ధపు సంతకం పెట్టారనడానికి కూడా ఇదే రుజువు. ఇలాంటివారికి పిల్లల్ని ఎలా అప్పగించమంటారు?"

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. మూడు రోజులు తిరిగి నా మెడకు నేనే ఉరి పేనుకున్నానని అర్థమైంది. దసరా, మా ఆవిడ, ఖాళీ డబ్బాలు కళ్ల ముందు తిరిగాయి. లేచి దండం పెట్టబోతుంటే బెంచీ చివర కూర్చున్న ఒక దిట్టమైన మనిషి గొంతు సవరించుకున్నాడు. తొండూరు రైతు, పేరు ఓబులరెడ్డి అని తర్వాత తెలిసింది. నేను లోపలికి వచ్చినప్పటి నుంచి అతను నా ముఖం వైపు చూడలేదు, నా కాళ్ల వైపే చూస్తున్నాడు.

"సార్, ఈయన పేరేందో నాకూ తెలీదు. కాళ్లు మాత్రం తెలుసు" అన్నాడు. "ఈయన ఆడే పక్క అడ్డం నిలబడాల్సినోణ్ణి నేనే, పులివెందుల జట్టులో. ప్రొద్దుటూరోళ్లతో ఒకసారి వచ్చినాడు, జమ్మలమడుగోళ్లతో ఒకసారి వచ్చినాడు. రెండు తూర్లూ నన్ను దాటుకోనే పోయినాడు. ఒకే మనిషి రెండు పేర్లతో వచ్చినాడని ఆపొద్దే కనుక్కున్నా."

"మరి అప్పుడే రెఫరీతో చెప్పలేదేం?" అన్నాడు హెడ్మాస్టరు.

ఓబులరెడ్డి పైకప్పు వైపు చూశాడు. మిగతా పెద్దలు కిటికీ వైపు చూశారు.

"నేను తొండూరోణ్ణి గదా సార్. పులివెందుల జట్టులో నా పేరుతో ఎట్లాడతా?" అని పక్కనున్న కమిటీ ప్రెసిడెంటు వైపు తల ఊపాడు. "ఆపొద్దు నా పేరు ఈయన తమ్మునిది. ఆ పిల్లోడు పొద్దు మునిగేదాకా గాదెలో కూర్చోనుండె."

ప్రెసిడెంటుకు ముందు దగ్గొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. నవ్వు బెంచీ పొడవునా పాకింది. హెడ్మాస్టరు ఒక్కడే నవ్వకుండా కళ్లజోడు తుడుచుకున్నాడు. ఈ జిల్లాకు వచ్చి ఎన్నాళ్లయిందో గానీ ఆ క్షణంలో ఆయన అలసట అంతా కనిపించింది.

"దొంగ చేతికి తాళాలివ్వకూడదంటారు" అన్నాడు చివరికి. "నేను ఇస్తున్నాను. ఏ పేరు వెనక ఎవరున్నారో పట్టగలిగినవాళ్లు మీకంటే ఎవరుంటారు? కానీ నా బడి జట్టులో ఒక్క అరువు పేరు కనబడిందా, ఆ పూటే మీరు ఆదోని రైలెక్కాలి."

సోమవారం నుంచి రమ్మన్నాడు. బయట వరండాలో స్తంభం పట్టుకుని కాసేపు నిలబడ్డాను. ఏడుపు వస్తుందేమో అనుకున్నాను గానీ రాలేదు. విపరీతంగా ఆకలేసింది. ఇందాక వదిలేసిన సగం ముద్ద గుర్తొచ్చి బాధపడ్డాను.

ఓబులరెడ్డి నా వెనకాలే వచ్చాడు. డ్రిల్లు గదిలోంచి బంతి తెప్పించి, చెప్పులు గట్టున విడిచి మైదానంలోకి దిగాడు. రెండుసార్లూ తనను ఎలా దాటానో చెప్పేదాకా వదలనన్నాడు. నువ్వు పక్కకు దూకేముందు కుడి మడమ లేస్తుంది, అది చూసి రెండో వైపు పోయేవాణ్ణని చెప్పాను. అతను మడమ ఎత్తి చూసుకున్నాడు, దించి చూసుకున్నాడు. ఆరేళ్ల తర్వాత ఆ మాట విని తృప్తిగా తల ఊపాడు. నీతో మళ్లీ పరుగెత్తే పని లేదు, అదే పదివేలు అన్నాను. తనకూ అంతేనన్నాడు.

నన్ను ఎడమ గీత దగ్గర నిలబడమని, అతను మధ్యకు నడిచి వెళ్లాడు. అక్కడి నుంచి బంతి తన్ని కేకేశాడు.

"కొండయ్యా, తీస్కో."

ఎవరిని పిలుస్తున్నాడా అని నేను వెనక్కి తిరిగి చూశాను. వెనక ఎవరూ లేరు. ఈలోగా బంతి నన్ను దాటుకుని గీత అవతలికి దొర్లిపోయింది. కుంటుకుంటూ వెళ్లి తెచ్చుకున్నాను.